ఒక్క పండుగ పేరుతో విక్షనరీని పరీక్షిస్తే

చిక్కులున్న ఒక మాటను పట్టుకుని వెతికితే ఏ నిఘంటువుకైనా ఉన్న బలమూ బలహీనతా రెండూ త్వరగానే బయటపడతాయి. అంతర్జాలంలో ఉచితంగా దొరికే ఆంగ్ల విక్షనరీని ఈ పద్ధతిలో చూడడానికి నేను ఎంచుకున్న మాట ‘ఈస్టర్’. క్రీస్తు పునరుత్థానాన్ని స్మరించే ఈ పండుగ క్రైస్తవుల పండుగలన్నింటిలోకీ ప్రధానమైనది. ఐరోపా ఖండమంతటా శతాబ్దాలుగా జరుగుతున్నది. పండుగ ఒక్కటే అయినా దాని పేర్లు మాత్రం ఒక్క చోటు నుంచి పుట్టలేదు. కొన్ని హీబ్రూ నుంచి వచ్చాయి, కొన్ని తెల్లవారుజాము నుంచి, కొన్ని రాత్రి నుంచి, మరికొన్ని మాంసం తినడం నుంచి. ఇన్ని దారులున్న మాటను ఒక ఉచిత నిఘంటువు ఎంతవరకు విప్పి చూపగలదన్నదే ఈ సమీక్షలో నేను చూడదలచుకున్నది.

పేరును బట్టి చాలామంది ఆంగ్ల విక్షనరీ అంటే ఆంగ్ల పదాల నిఘంటువు అనుకుంటారు. నిజానికి అది ప్రపంచంలోని అన్ని భాషల పదాలకూ ఆంగ్లంలో వివరణ ఇచ్చే నిఘంటువు. 2002 డిసెంబరు 12న మొదలైన ఈ ప్రాజెక్టు నేడు వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ నిర్వహణలో ఉంది. వాడుకోవడానికి ఖాతా అక్కరలేదు, చందా లేదు, ప్రకటనలు లేవు. ఇందులో ఒక పుట ఒక భాషకు కాక ఒక వర్ణక్రమానికి చెందుతుంది. ఒకే అక్షరాలతో రాసే ‘పాస్క్వా’ అనే మాట కోసం వెతికితే కాటలాన్, ఇటాలియన్ భాషల వివరాలు ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అలవాటు లేనివారికి ఇది మొదట గందరగోళంగా ఉంటుంది. వేరు వేరు భాషల్లోని తోబుట్టువుల వంటి పదాలను పక్కపక్కన చూడదలచినవారికి మాత్రం ఇంతకంటె అనువైన అమరిక లేదు.

ఇక ‘ఈస్టర్’ పుట. మొదట వ్యుత్పత్తి, తరువాత ఉచ్చారణ, అర్థాలు, వాటి కింద అనువాదాల పట్టిక ఉంటాయి. వ్యుత్పత్తి భాగం ఈ మాటను ప్రాచీన ఆంగ్లం మీదుగా ఆంగ్ల, జర్మన్ భాషలకు ఉమ్మడి మూలంగా పండితులు ఊహించిన పురాజర్మానిక్ భాషకూ, అక్కడి నుంచి ‘తెల్లవారు, వెలుగు విచ్చు’ అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ ధాతువుకూ తీసుకుపోతుంది. తూర్పు దిక్కుకు ఆంగ్లంలో ఉన్న ‘ఈస్ట్’ ఆ ధాతువు నుంచి వచ్చినదే. లాటిన్ ‘అరోరా’, గ్రీకు ‘ఏఓస్’, లిథువేనియన్ ‘ఔష్ర’ కూడా దాని సంతానమే. సంస్కృతంలోని ‘ఉషస్’ సైతం ఆ కుటుంబంలోనిదే కనుక, మనం రోజూ వాడే ఉషస్సుకూ ఇంగ్లీషువారి ఈస్టర్‌కూ దూరపు చుట్టరికం ఉన్నట్టే. జర్మన్‌లో ఈ పండుగ పేరైన ‘ఓస్టర్న్’ కూడా ఇదే మాటకు సోదరరూపం. ఐరోపాలో ఈ మూలం నుంచి పండుగకు పేరు పెట్టుకున్న పెద్ద భాషలు ఈ రెండే అన్నది పాఠకుడు గమనించవలసిన సంగతి. జర్మనీ తూర్పు అంచున చిన్న సమాజం మాట్లాడే ఎగువ సోర్బియన్‌లో పండుగ పేరు ‘యుత్రీ’. అది ఉదయమనే అర్థమున్న ‘యుత్రొ’ అనే స్లావిక్ మాటకు సంబంధించినది.

తెల్లవారుజాముకూ పండుగకూ ముడి ఎలా పడింది? ఉత్తర ఇంగ్లాండులోని జారో మఠంలో ఉండిన బీడ్ అనే సన్యాసి 725లో లాటిన్‌లో కాలగణన మీద ఒక గ్రంథం రాశాడు. తన జాతివారు పూర్వం ఏప్రిల్ ప్రాంతపు మాసాన్ని ‘ఎయోస్తుర్ మాసం’ అనేవారనీ, ఆ నెలలో ఎయోస్త్రె అనే దేవతకు ఉత్సవాలు చేసేవారనీ, క్రైస్తవులైన తరువాత కూడా ఆ పాత పేరుతోనే పాస్కా (లాటిన్‌లో ఈస్టర్ పేరు) కాలాన్ని పిలుస్తున్నారనీ ఆ గ్రంథం 15వ అధ్యాయంలో చెప్పాడు. ఆ దేవతను పేరుపెట్టి చెప్పిన ప్రాచీన సాక్షి బీడ్ ఒక్కడే. అతడు కుందేలు గురించి గానీ రంగు గుడ్ల గురించి గానీ ఒక్క ముక్క రాయలేదు. షార్లమేన్ చక్రవర్తి నెలలకు జర్మానిక్ పేర్లు పెట్టినప్పుడు ఏప్రిల్‌ను ‘ఓస్టర్ మాసం’ అన్నాడని అతని చరిత్రకారుడు ఐన్‌హార్డ్ రాసినా, అక్కడ దేవత ప్రసక్తి లేదు. 1835లో జర్మన్ భాషాశాస్త్రవేత్త యాకోబ్ గ్రిమ్ ఈ రెండు ఆధారాలనూ కలిపి జర్మన్లకు కూడా ‘ఓస్టారా’ అనే దేవత ఉండి ఉంటుందని ఊహించాడు. ఆ ఊహే తరువాతి కాలంలో చాలామంది చేతుల్లో చరిత్రగా మారిపోయింది. బీడ్ ఆ దేవతను తనకు తానే కల్పించుకున్నాడని అనుమానించిన పండితులూ ఉన్నారు. అయితే 1958లో జర్మనీ పశ్చిమభాగంలోని మోర్కెన్-హార్ఫ్ దగ్గర ‘ఔస్ట్రియహేనె’ అనే మాతృదేవతలకు అంకితం చేసిన రోమన్ కాలపు శాసనాలు నూట యాభైకి పైగా దొరికాక, అలాంటి పేరున్న దేవతలు అసలు ఉండేవారే కారని కొట్టిపారేయడం కష్టమైంది. వేరొక వాదం ప్రకారం దేవత ప్రసక్తే అక్కరలేదు. కొత్తగా బాప్తిస్మం పొందినవారు పండుగ వారంలో ధరించే తెల్లని వస్త్రాలకు లాటిన్‌లో ఉన్న మాటను, తెల్లవారుజాముకున్న మాటగా పొరబడి జర్మానిక్ భాషలోకి అనువదించి ఉంటారన్నది ఆ వాదం. నాకు ఇది మరీ సాగదీసిన ఊహలాగా తోస్తుంది.

విక్షనరీ వ్యుత్పత్తి భాగంలో ఇంత చర్చను ఆశించకూడదు. మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పడం దాని పని. ఎందుకు వచ్చింది, ఎవరు ఏమని వాదించారు అన్నదాని జోలికి అది అంతగా వెళ్లదు. దాని అసలు బలం వేరే చోట ఉంది. ప్రతి ఏడూ ఏప్రిల్ రాగానే ఈస్టర్ అనేది బాబిలోనియా దేవత ఇష్టార్ పేరేననీ, కనుక ఈ పండుగే అన్యదేవతారాధన అనీ చెప్పే సందేశాలు తెలుగు వాట్సాప్ బృందాల్లో కూడా తిరుగుతూ ఉంటాయి. 1850లలో స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ హిస్లప్ అనే మతబోధకుడు రోమను కథోలిక సంఘానికి వ్యతిరేకంగా చేసిన రచన ద్వారా ప్రచారంలోకి వచ్చిన వాదమిది. రెండు మాటలూ చెవికి దగ్గరగా వినిపించడం తప్ప దీనికి భాషాశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. నేను డబ్బు కట్టి తీసుకున్న ఒక యాప్ కూడా ఈ కథనే వ్యుత్పత్తిగా వడ్డించింది. ఆ చందాను మళ్లీ పొడిగించలేదు. విక్షనరీలో అనువాదాల పట్టికను ఒకసారి తెరిచి చూస్తే చాలు, ఈ వాదం నిలవదని ఎవరికైనా తెలుస్తుంది. పండుగ మొదట వ్యాపించిన గ్రీకు, లాటిన్ లోకాలలో దాని పేరు ‘పాస్ఖా’. ‘ఈస్టర్’ అన్న మాట ఆ లోకాలకు తెలియనే తెలియదు. పండుగ పుట్టిన కొన్ని శతాబ్దాల తరువాత క్రైస్తవమతాన్ని స్వీకరించిన ఒక ఉత్తర ద్వీపంలోని పేరును పట్టుకుని పండుగ పుట్టుకనే నిర్ణయించడం తలకిందులు తర్కం.

తెల్లవారుజాము సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. కోస్తా జిల్లాల్లో ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల తోటలకు వెళ్లి పూలు, కొవ్వొత్తులు పెట్టే మన క్రైస్తవుల ఆచారానికి ఆంగ్ల దేవతతో సంబంధం కలపబోయేవారు, స్త్రీలు వేకువనే సమాధి దగ్గరకు వెళ్లారని సువార్తలలోనే ఉన్న సంగతిని ముందు చదువుకోవడం మంచిది.

ఇప్పుడు పెద్ద కుటుంబం దగ్గరకు వద్దాం. విక్షనరీ నిజంగా రాణించేది ఇక్కడే. హీబ్రూలో ‘పెసహ్’ అనేది నిర్గమకాండము 12వ అధ్యాయంలో వచ్చే పండుగ పేరు. అది హీబ్రూకు సోదరభాషైన అరమాయిక్‌లో ‘పస్హా’ అయింది, అక్కడి నుంచి గ్రీకులో ‘పాస్ఖా’, లాటిన్‌లో ‘పాస్ఖా’ అయింది. గ్రీకువారు దీన్ని నేరుగా హీబ్రూ నుంచి కాక అరమాయిక్ నుంచి తీసుకున్నారనడానికి మాట చివరి ‘ఆ’ కారమే సాక్ష్యం. అరమాయిక్ నామవాచకాల చివర వచ్చే ప్రత్యయమది. మన తెలుగు బైబిలులోని ‘పస్కా’ చివర కూడా ఆ ‘ఆ’ కారం నిలిచే ఉంది. హీబ్రూ ధాతువుకు అసలు అర్థమేమిటన్నది మాత్రం తేలని ప్రశ్న. ‘దాటిపోవు’ అన్నది ప్రసిద్ధమైన అర్థం. యెషయా 31వ అధ్యాయం 5వ వచనంలో అదే ధాతువు కాపాడడం గురించి చెప్పే సందర్భంలో వస్తుంది కనుక ‘కాపాడు’ అన్న అర్థమే ముఖ్యమని కొందరంటారు. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో బయలు ప్రవక్తల కథలో అదే అక్షరాల క్రియ కుంటడాన్ని సూచిస్తుంది. విలియం టిండేల్ 1530లో పంచకాండాలను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు మొదటి అర్థాన్ని ఎంచుకుని ‘పాసోవర్’ అనే కొత్త మాటను కట్టాడు. అంతకుముందు తన కొత్త నిబంధనలో యూదుల పండుగకు కూడా ఈస్టర్ అన్న మాటనే వాడాడు. బైబిలును జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ కూడా కొత్త నిబంధనలో అలాగే ‘ఓస్టర్న్’ అని రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం 4వ వచనంలో మాత్రం ‘ఈస్టర్’ మిగిలిపోయింది. మన బైబిలులో అక్కడ పస్కా అనే ఉంటుంది.

లాటిన్ నుంచి ఈ మాట ఎలా చీలిందో చూపడానికి విక్షనరీ రెండు రకాల గుర్తింపులు ఇస్తుంది. తల్లిభాష నుంచి నోటి వాడుకలో తరతరాలుగా అరిగి వచ్చినది ఒక రకం, తరువాతి కాలంలో గ్రంథాల నుంచి తెచ్చుకున్నది రెండవ రకం. మన వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. తద్భవానికీ తత్సమానికీ ఉన్న భేదమే ఇది. ఫ్రెంచిలో పండుగ పేరు ‘పాక్’. పాత ఫ్రెంచిలో ఉన్న ‘స’కారం నోటిలో పోయి, దాని గుర్తుగా ‘ఆ’ అక్షరం మీద టోపీ వంటి చిహ్నం మాత్రం మిగిలింది. అంటే ఇది తద్భవం. అదే ఫ్రెంచిలో పండుగకు సంబంధించిన విశేషణం ‘పాస్కల్’. లాటిన్ గ్రంథభాష నుంచి వచ్చింది కనుక ‘స’కారం చెక్కు చెదరలేదు. అది తత్సమం. పీడనానికి ప్రమాణంగా తొమ్మిదో పదో తరగతి నుంచి మనం చదివే ‘పాస్కల్’, బ్లేజ్ పాస్కల్ ఇంటిపేరు. దాని మూలం ‘పాస్కాకు చెందిన’ అనే లాటిన్ విశేషణమే. ఫ్రెంచివారు ఇంకో సూక్ష్మం కూడా పాటిస్తారు. క్రైస్తవుల పండుగను బహువచన రూపంలోనూ, యూదుల పండుగను ఏకవచనంలో స్త్రీలింగంగానూ రాస్తారు. ఆంగ్లం నుంచి ఫ్రెంచిలోకి వెళ్లే అనువాదకుడు ఈ తేడా తెలియక పొరబడే ప్రమాదం ఎక్కువ.

ఇటాలియన్ ‘పాస్క్వా’, స్పానిష్ ‘పాస్కువా’ రూపాలలో ‘ఖా’ పోయి ‘క్వా’ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు విక్షనరీ ఇచ్చే జవాబు చక్కగా ఉంటుంది. లాటిన్‌లో పచ్చికబయలుకు ‘పాస్కువుమ్’ అనే మాట ఉంది. మేతతో, తిండితో ముడిపడిన ఆ మాట ప్రభావం ఉపవాసం విడిచే పండుగ పేరు మీద పడింది. స్పానిష్‌లో ఈ మాట మరింత వ్యాపించి క్రిస్మస్‌ను కూడా కలుపుకుంది. క్రిస్మస్ శుభాకాంక్షలను ‘ఫెలీసెస్ పాస్కువాస్’ అని బహువచనంలో చెప్పడం అక్కడ మామూలు. జనవరి 6న స్పెయిన్ రాజప్రాసాదంలో జరిగే సైనిక ఉత్సవాన్ని కూడా ‘పాస్కువా మిలితార్’ అంటారు. ఈ మాట పటాల మీదకు కూడా ఎక్కింది. 1513లో స్పానిష్ అన్వేషకుడు పోన్స్ దె లెయోన్ అమెరికా తీరాన్ని చూసిన కాలం స్పానిష్‌వారు ‘పూల పాస్కువా’ అని పిలిచే ఈస్టర్ రోజులు కనుక ఆ నేలకు ఫ్లోరిడా అన్న పేరు వచ్చింది. 1722 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, డచ్ నావికుడు రొగ్గెవేన్ చేరుకున్న పసిఫిక్ ద్వీపం ఈస్టర్ ద్వీపమైంది.

ఉత్తరాన ఇదే మాట డచ్‌లో ‘పాసెన్’, డేనిష్‌లో ‘పోస్కె’, స్వీడిష్‌లో ‘పోస్క్’, ఐస్‌లాండిక్‌లో ‘పౌస్కర్’. జర్మానిక్ భాషల్లోనే ఎక్కువ భాగం పాస్కా పక్షాన ఉన్నాయన్నమాట. ఇంగ్లాండులో కూడా ఈ మాట పూర్తిగా లేకుండా పోలేదు. వాయవ్య ప్రాంతాల్లో ఈస్టర్ గుడ్లను నేటికీ ‘పేస్ ఎగ్స్’ అంటారు, యార్క్‌షైర్‌లోని హెప్టన్‌స్టాల్ గ్రామంలో గుడ్ ఫ్రైడే నాడు ఆడే వీధినాటకం ‘పేస్ ఎగ్’ పేరుతోనే నడుస్తోంది.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన రూపం ఐరిష్‌ది. అక్కడ పండుగ పేరు ‘కాష్క్’. వినగానే దీనికీ పాస్కాకూ ఏం సంబంధమనిపిస్తుంది. పూర్వ ఐరిష్‌లో ‘ప’కారమే లేదు. లాటిన్ మాటలను తొలిసారి తీసుకున్నప్పుడు ఆ భాషవారు ‘ప’ ఉన్నచోట తమకు ఉన్నవాటిలో దగ్గరగా తోచిన ‘క్వ’ ధ్వనిని పలికారు, అది తరువాత ‘క’ అయింది. ఊదారంగుకు లాటిన్‌లో ఉన్న ‘పుర్పురా’ ఐరిష్‌లో ‘కొర్కుర్’ అయింది. మొక్కకు, అంటుకు ఉన్న ‘ప్లాంటా’ అనే మాట, సంతానమన్న అర్థంతో ‘క్లాన్’ అయి ఆంగ్లంలోకి కూడా చేరింది. పొరుగున ఉన్న వేల్స్ భాషలో ‘ప’ ఉంది కాబట్టి అక్కడ ‘పస్గ్’ అని దాదాపు అలాగే నిలిచింది. విక్షనరీలో ఐరిష్ పుట నుంచి లాటిన్ పుటకు, అక్కడ ‘సంతతి’ అనే శీర్షిక కింద ఉన్న పట్టికకు వెళ్తే ఈ శాఖలన్నీ చెట్టులా విచ్చుకుంటాయి. అయితే ‘ప’ ఎందుకు ‘క’ అయిందన్న కారణాన్ని ఆ పట్టిక చెప్పదు. పాఠకుడు వేరే చోట చదువుకుని రావలసిందే.

తూర్పు ఐరోపాకు వెళ్తే పేర్ల తీరే మారిపోతుంది. రష్యన్ గ్రీకును అనుసరించి ‘పాస్ఖ’ అంటుంది. పోలిష్ ‘వియెల్కనొత్స్’, చెక్ ‘వెలికొనొత్సె’, స్లొవేనియన్ ‘వెలిక నోచ్’ అన్నింటికీ అర్థం ‘మహారాత్రి’. పునరుత్థానం జరిగిన రాత్రి, ఆ రాత్రంతా చేసే జాగరణ దీని వెనుక ఉన్నాయి. బల్గేరియన్ ‘వెలిక్‌దెన్’, ఉక్రేనియన్ ‘వెలిక్‌డెన్’ అంటే ‘మహాదినం’. లాట్వియన్ ‘లియెల్‌డియెనస్’ అంటే పెద్ద దినాలు. క్రొయేషియన్ ‘ఉస్క్‌ర్స్’, సెర్బియన్ ‘వస్క్‌ర్స్’ మాత్రం సూటిగా ‘పునరుత్థానం’ అనే అర్థాన్నిస్తాయి. మధ్యధరా సముద్రంలోని మాల్టాలో మాట్లాడే భాష అరబిక్ సంతతికి చెందినది, రాసేది లాటిన్ లిపిలో, మాట్లాడేవారిలో అత్యధికులు కథోలికులు. అక్కడ ఈస్టర్ పేరు రంజాన్, బక్రీదులకు మనం వాడే ‘ఈద్’ అనే మాటకు సోదరరూపమే, పక్కన ‘పెద్ద’ అన్న విశేషణంతో. గోదావరి జిల్లాలవారు సంక్రాంతిని పెద్ద పండుగ అన్నట్టే మాల్టా కథోలికులు ఈస్టర్‌ను పెద్ద ఈద్ అంటున్నారు. అనువాదాల పట్టికలో ఒక గీత కింద మరో గీత చదువుతూ పోతే తప్ప ఇలాంటివి తారసపడవు.

హంగేరియన్ ‘హూష్‌వేట్’ విషయం మరీ నిక్కచ్చి. ‘హూష్’ అంటే మాంసం, రెండవ భాగం ‘తీసుకోవడం’ అనే అర్థమున్నది. మన కథోలికులు తపస్సు కాలమనీ, ఇతర సంఘాలవారు శ్రమదినాలనీ పిలిచే నలభై రోజుల ఉపవాసం ముగిసి మాంసం ముట్టే రోజు కనుక ఆ పేరు. ఉపవాసం మొదలయ్యే ముందురోజైన మంగళవారానికి హంగేరియన్‌లో ‘మాంసం విడిచే మంగళవారం’ అనే పేరుంది. విడవడానికి ఒక మాట, తిరిగి పట్టడానికి ఒక మాట. ఎస్టోనియన్‌లో కూడా పండుగకున్న పేర్లలో ఒకటైన ‘లిహవొట్టెద్’ ఇదే అర్థాన్ని తనకున్న మాటలతో కూర్చుకున్నది. ఫిన్నిష్ ‘ప్యాసియాయినెన్’ విడుదల పొందడమనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది, ఇక్కడ విడుదల ఉపవాసం నుంచి. వేదాంతులు పండుగను పునరుత్థానమన్నా, విమోచనమన్నా, సామాన్యుడు తన వంటింటి నుంచి దాన్ని ఎలా చూశాడో ఈ పేర్లలో తెలుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. మొదటిది, చాలా పదాలకు ఇచ్చిన వ్యుత్పత్తికి ఆధారం ఎక్కడిదో ఉండదు. ఎవరైనా సవరించగల ప్రాజెక్టులో ఇది చిన్న లోపం కాదు. పుట పైన ఉండే ‘చరిత్ర’ను నొక్కి ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో, చర్చాపుటలో ఏ అభ్యంతరాలు వచ్చాయో చూసే అవకాశం ఉంది, గంభీరమైన పనికి వాడుకునేవారు ఆ పని చేయక తప్పదు. రెండవది నక్షత్రపు గుర్తు. ఏ శాసనంలోనూ ఏ ప్రతిలోనూ దొరకని, పండితులు పోలికల ద్వారా పునర్నిర్మించిన రూపాల ముందు ఆ గుర్తు పెడతారు. అలవాటు లేని పాఠకుడు దాన్ని గమనించక ఊహారూపాన్నీ లిఖితరూపాన్నీ ఒకే బరువుతో తీసుకుంటాడు. పురాజర్మానిక్ దాకా సాగిన గొలుసులో బీడ్ రాసిన మాట ఎక్కడ ఆగిందో, అనుమానం ఎక్కడ మొదలైందో ఒక్క నక్షత్రపు గుర్తు చెప్పలేదు.

మూడవ లోపం నాకు మరింత పెద్దదిగా తోస్తుంది. మాట నిజంగా ఎక్కడ పుట్టిందన్నదే విక్షనరీకి కావాలి. ఆ మాట ఎక్కడ పుట్టిందని జనం నమ్మారన్నది దానికి అక్కరలేదు. మతపదాల విషయంలో ఆ నమ్మకానికి కూడా చరిత్ర ఉంది. రెండవ శతాబ్దంలో సార్దీస్ నగరపు బిషప్ మెలితో పాస్కా మీద చేసిన ప్రసంగంలో, ఈ మాటను ‘బాధపడు’ అనే అర్థమున్న ‘పాస్ఖెయిన్’ అనే గ్రీకు క్రియతో కలిపాడు. క్రీస్తు శ్రమలకు అది ఎంత చక్కగా అతికిందంటే గ్రీకు క్రైస్తవులలో ఆ వివరణ చాలాకాలం నిలిచింది. కొందరు అనుకుంటున్నట్టు ఇది గ్రీకు మాట కాదు, హీబ్రూ మాట అని యోహాను సువార్త మీద చేసిన ప్రసంగాలలో లాటిన్ వేదాంతి అగస్టీన్ సరిదిద్దాడు. వ్యుత్పత్తి తప్పే, కానీ ఆ తప్పు పండుగ అర్థాన్ని కొంత కాలం నడిపింది. మధ్యయుగపు పాఠాలను అనువదించేవారికి నిజమైన మూలంతో పాటు ఈ కథ కూడా తెలియాలి, విక్షనరీ గొలుసులో దానికి చోటు లేదు.

దీనికి పక్కన పెట్టుకోదగినవి వేరే ఉన్నాయి. డగ్లస్ హార్పర్ నడిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఆంగ్ల పదాలకే పరిమితమైనా, బీడ్ ప్రస్తావనతో సహా చదవదగిన వాక్యాలుగా రాస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ప్రయోగాలను తేదీలతో ఇస్తుంది, కానీ చందా కట్టాలి. చందా ఉన్న గ్రంథాలయం దగ్గరలో ఉంటే అక్కడ చూసుకోవచ్చు. జర్మన్‌కు బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ అకాడమీ వారి స్థలంలో వోల్ఫ్‌గాంగ్ ఫైఫర్ వ్యుత్పత్తి నిఘంటువు ఉచితం. ఫ్రెంచికి 1971 నుంచి 1994 వరకు పదహారు సంపుటాలుగా వెలువడిన మహానిఘంటువు కూడా ఉచితంగానే దొరుకుతుంది. ఈ రెండింటికీ ఆయా భాషలు రావాలి. ఆంగ్లం మాత్రమే తెలిసినవారికి ప్రాచీన ఐరిష్ నిఘంటువు, వేల్స్ విశ్వవిద్యాలయం వారి నిఘంటువు మంచి ఆసరా. నేనైతే మొదట విక్షనరీ పట్టికలో భాషలన్నింటినీ ఒకసారి చూసుకుని, అనుమానం వచ్చిన ప్రతి పదానికీ ఆ దేశపు నిఘంటువుకు వెళ్తాను. విక్షనరీ ఒక్కదానినే పట్టుకుని వ్యాసం రాయడం నేను సిఫారసు చేయను.

ఫోన్‌లో వాడినప్పుడు పొడవైన పుటలలో భాషల శీర్షికలు మూసుకుని ఉండడం మేలే చేస్తుంది. ఇంటర్నెట్ లేని చోట చదవదలిస్తే కివిక్స్ అనే ఉచిత యాప్ ద్వారా మొత్తం నిఘంటువును దించుకోవచ్చు. జాగా మాత్రం బాగానే తింటుంది.

తెలుగు విక్షనరీ సంగతి వేరు. అది మనకు తెలుగులో వివరణ ఇచ్చే సోదర ప్రాజెక్టు. పుటల మూసలో ‘వ్యుత్పత్తి’ అనే శీర్షిక సిద్ధంగా ఉంది, కానీ దాని కింద రాసినవారు తక్కువ. ఐరోపా మతపదాల కోసం అక్కడికి వెళ్లేవారికి నిరాశే ఎదురవుతుంది. ఆంగ్ల విక్షనరీలో మనవారు చేయదగిన పని ఒకటుంది. తెలుగులో ఈ పండుగకు ఒకటి కంటె ఎక్కువ మాటలున్నాయి: బైబిలులో యూదుల పండుగకు పస్కా, కథోలికుల ఆరాధనలో పాస్కా జాగరణ, పాస్కా కాలం, ప్రొటెస్టెంటు సంఘాలలో పునరుత్థాన పండుగ, అందరి నోటా ఈస్టర్. అనువాదాల పట్టిక అడుగున కొత్త మాట చేర్చడానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో పదంతో పాటు ఎవరు ఎక్కడ వాడతారో చెప్పే అర్హతాసూచన రాయడానికి కూడా గడి ఉంది. తెలుగు గీతలో ఈ నాలుగింటినీ ఆ సూచనలతో చేర్చడానికి పది నిమిషాలు చాలు, ఖాతా తెరవవలసిన పని కూడా లేదు.